లయపునోవ్ సంఖ్య పాజిటివ్ వస్తే గుండె లయ కేయాటిక్ అయినట్టేనా?

హనుమకొండ నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఎంటెక్ ప్రాజెక్టు కోసం హోల్టర్ రికార్డులు, అంటే ఒంటికి కట్టుకునే చిన్న మెషీన్ రోజంతా తీసిన ఈసీజీలు, తీసుకున్నారు. కొందరు ఆరోగ్యవంతులు, కొందరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు క్రమం తప్పి అదిరే, డాక్టర్లు ఏఫిబ్ అనే జబ్బు ఉన్నవాళ్లు. ఒక్కొక్కరి నుంచి 5 నిమిషాల ఆర్‌ఆర్ సీరీస్ (ఒక బీటు నుంచి తర్వాతి బీటుకు పట్టిన సమయాల వరుస) తీసి లయపునోవ్ ఎక్స్‌పోనెంట్ (పక్కపక్కన మొదలైన దారులు ఎంత వేగంగా విడిపోతాయో చెప్పే సంఖ్య) లెక్కిస్తే అందరికీ పాజిటివే వచ్చింది, ఏఫిబ్ వాళ్లకు ఇంకాస్త ఎక్కువ. అడిగినవి మూడు: గుండె లయ కేయాటిక్ అని దీంతో రుజువైనట్టేనా? ఈ సంఖ్యతో డాక్టరు గారికి రిస్క్ స్కోర్ ఇవ్వొచ్చా? పాత కాగితం ఈసీజీలు స్కాన్ చేసి కలుపుకోవచ్చా?

మొదటిదానికి జవాబు: కాదు. రెండోది: ఇవ్వొద్దు. మూడోదానికి కొంతవరకే అవును, అది చివర్లో చెప్తాను. అంతమాత్రాన ప్రాజెక్టు వదిలేయాల్సిన పని లేదు. అడగాల్సిన ప్రశ్నను చిన్నది చేసుకోవాలి, డేటాను ఇప్పటికన్నా చాలా కఠినంగా శుభ్రం చేసుకోవాలి.

కేయాస్ అనే మాటకు గణితంలో గట్టి షరతులు ఉన్నాయి. వ్యవస్థ ఒక నిర్ణీత సూత్రం ప్రకారమే నడవాలి. విలువలు ఒక హద్దులోనే తిరగాలి. పక్కపక్కనే మొదలైన రెండు దారులు ఎక్స్‌పోనెన్షియల్ వేగంతో విడిపోవాలి. లయపునోవ్ సంఖ్య కొలిచేది ఈ మూడో షరతును మాత్రమే. మొదటి షరతు నెరవేరిందో లేదో మీ ప్రోగ్రాం పరీక్షించదు, నెరవేరిందని ముందే నమ్మేసి లెక్క మొదలుపెడుతుంది. ఉత్త యాదృచ్ఛిక సంఖ్యలు ఇచ్చినా పక్కపక్క బిందువులు విడిపోతాయి కాబట్టి పాజిటివ్ జవాబే వస్తుంది.

మీరు వాడింది 1993 నాటి రోజెన్‌స్టైన్ పద్ధతి అనుకుంటున్నాను, చిన్న సీరీస్‌లకు అందరూ దాన్నే పట్టుకుంటారు. అందులో మోసం ఎక్కడ జరుగుతుందో చూడండి. ఎంబెడింగ్ డైమెన్షన్ (ఒక్కో కట్టలో ఎన్ని విలువలు) 5, డిలే (వాటి మధ్య ఎడం) 1 బీట్ అనుకుందాం. ప్రతి బిందువు ఐదు వరుస ఆర్‌ఆర్ విలువల కట్ట. ఒక కట్టకు బాగా దగ్గరగా ఉన్న ఇంకో కట్టను వెతికి, రెండూ బీటు బీటుకూ ఎంత దూరం జరిగాయో లాగరిథమ్‌లో గీస్తాం. డేటా పూర్తిగా యాదృచ్ఛికమైతే మొదటి అడుగులోనే కట్టలోని ఒక విలువకు పొంతన పోతుంది, దూరం ఒక్కసారి ఎగురుతుంది. రెండో అడుగులో రెండు విలువలు, మూడో అడుగులో మూడు. అలా ఐదో అడుగు దాకా గీత మెల్లగా ఎక్కుతూనే ఉంటుంది, తర్వాత చదునైపోతుంది. ఆ ఎక్కుడు భాగం మీద స్కేలు పెట్టి వాలు కొలిస్తే చక్కని పాజిటివ్ ఎక్స్‌పోనెంట్ దొరుకుతుంది. అది గుండెది కాదు, మీరు ఎంచుకున్న 5 అనే అంకెది. డైమెన్షన్‌ను 5 నుంచి 8కి మార్చి మళ్లీ నడపండి. గీత చదునయ్యే చోటు కూడా 5 నుంచి 8కి జరిగితే మీరు చూస్తున్నది నాయిస్ అని అర్థం.

అందుకే రోగి డేటా ముట్టుకునే ముందు ప్రోగ్రాంకు నాలుగు సీరీస్‌లు తినిపించండి. అన్నీ మీ అసలు సీరీస్ అంత పొడవే ఉండాలి. నిమిషానికి 75 బీట్లయితే 5 నిమిషాలకు 375 విలువలు. మొదటిది కేయాస్‌కు పాఠ్యపుస్తకాల్లో చూపే ఉదాహరణ లాజిస్టిక్ మ్యాప్, గుణకం 4 పెట్టి. దీని అసలు జవాబు 2 యొక్క సహజ లాగరిథమ్, అంటే 0.693. మీకు దాని దరిదాపుల్లో రాకపోతే కోడ్‌లోనే తప్పుంది. రెండోది గాసియన్ యాదృచ్ఛిక సంఖ్యలు. మూడోది మీ రోగి ఆర్‌ఆర్ విలువలనే పేకముక్కల్లా కలిపేసిన వరుస. నాలుగోది ఒక సైన్ తరంగానికి కొద్దిగా నాయిస్ కలిపినది. రెండు, మూడు, నాలుగు కూడా పాజిటివ్‌గా వస్తే మీ కొలబద్దకు కేయాస్‌ను గుర్తుపట్టే శక్తి లేదన్నమాట. అలాగే వస్తాయి కూడా.

ఈ వడపోతకు ఒక పద్ధతైన రూపం ఉంది: 1992లో థైలర్ బృందం ప్రతిపాదించిన సరొగేట్ డేటా. మీ సీరీస్‌కు నకిలీలు తయారు చేస్తారు. విలువల పంపిణీ, పవర్ స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శక్తి ఉందన్న లెక్క) అసలుదానివే ఉంటాయి, మిగతా అమరికంతా చెరిగిపోతుంది. దీనికి 1996లో ష్రైబర్, ష్మిట్జ్ ఇచ్చిన ఇటరేటివ్ పద్ధతి వాడండి, మామూలు ఫేజ్ షఫుల్ కంటే అది నయం. ఒకవైపు పరీక్షకు 19 నకిలీలు, రెండువైపుల పరీక్షకు 39 నకిలీలు ఉంటే 95 శాతం స్థాయి వస్తుంది. అసలు సీరీస్ జవాబు ఈ నకిలీలన్నిటికీ బయట పడితేనే మాట్లాడటానికి ఏదైనా ఉన్నట్టు. సీరీస్ మొదటి విలువ, చివరి విలువ దగ్గరదగ్గరగా ఉండేలా ముక్క కోయడం మర్చిపోవద్దు, లేదంటే ఆ తెగిన అంచే స్పెక్ట్రమ్‌లో నకిలీ శక్తిగా దూరుతుంది. అన్నీ సరిగా చేసి నకిలీలకు బయట పడ్డా అది కేయాస్‌కు రుజువు కాదు. సరళ (లీనియర్) యాదృచ్ఛిక నమూనా సరిపోదని మాత్రమే తేలుతుంది. ఆ 5 నిమిషాల్లో రోగి లేచి కూర్చున్నా అదే ఫలితం వస్తుంది.

డేటా పొడవుకు ఇంకో హద్దు ఉంది. 1992లో ఎక్‌మన్, రూయెల్ చూపించిన ప్రకారం, బిందువుల సంఖ్య లాగరిథమ్‌ను, అదీ 10 ఆధారంగా, రెట్టింపు చేస్తే వచ్చే విలువను మించిన కోరిలేషన్ డైమెన్షన్‌ను (వ్యవస్థ ఎంత సంక్లిష్టమో చెప్పే ఇంకో సూచికను) నమ్మకూడదు. 375 బీట్లకు అది 5.1. మీరు 6 అని రిపోర్టు రాస్తే ఆ 6 ఎక్కడి నుంచి వచ్చిందో అడిగేవాళ్లు వైవాలో తప్పకుండా ఉంటారు. 24 గంటల రికార్డులో లక్ష బీట్లు ఉంటాయి కదా, హద్దు 10కి పెరుగుతుంది కదా అంటారేమో. ఆ 24 గంటల్లో నిద్ర, భోజనం, నడక అన్నీ ఉంటాయి. ఒకే వ్యవస్థను లక్షసార్లు కొలిచినట్టు కాదది.

ఆరోగ్యవంతుల గుండె లయ కేయాటికా కాదా అన్నది నిపుణుల మధ్య తేలని వాదమే. 2009లో కేయాస్ అనే పరిశోధన పత్రికే దీన్ని వివాదాస్పద అంశంగా పెట్టి చర్చ నడిపింది. గుండె లయను నడిపే సైనస్ నోడ్ ఒంటరిగా కొట్టుకోదు. ఊపిరి, వేగస్ నాడి, రక్తపోటు రిఫ్లెక్స్ దాన్ని ప్రతి క్షణం తడుతూనే ఉంటాయి. బయటి నుంచి ఇన్ని తట్లు పడుతున్న వ్యవస్థ నుంచి ఒక్క ఆర్‌ఆర్ సీరీస్ తీసి "లోపల నిర్ణీత సూత్రముంది" అనడం చాలా పెద్ద మాట. రిపోర్టులో "నాన్‌లీనియర్ సూచికలు" అని రాసుకోండి, ఎవరూ తప్పుబట్టరు.

ఇక శుభ్రం చేయడం దగ్గరికి వద్దాం. ఎక్కువమంది పరేషాన్ అయ్యేది ఇక్కడే. వాళ్లకు ఆ సంగతి తెలియకపోవడం ఇంకో కష్టం.

ఒక లెక్క చేసి చూద్దాం. 300 ఆర్‌ఆర్ విలువలు, సగటు 800 మిల్లీసెకన్లు, స్టాండర్డ్ డీవియేషన్ 40. శాంపిల్ ఎంట్రోపీకి, అంటే వరుస ఎంత ఊహకందకుండా ఉందో చెప్పే సూచికకు, అందరూ వాడే సెట్టింగు: కట్ట పొడవు 2, సహన పరిమితి (రెండు విలువలు ఒకటే అనుకోవడానికి ఒప్పుకునే తేడా) డీవియేషన్‌లో 0.2 వంతు, అంటే 8 మిల్లీసెకన్లు. ఇప్పుడు ఇందులో 6 వీపీసీలు, అంటే కింది గదుల్లో ముందుగానే పుట్టే బీట్లు, పడ్డాయనుకోండి. ఒక్కో వీపీసీ రెండు విలువలను చెడగొడుతుంది: ముందుగా వచ్చిన 500, దాని వెనక కాంపెన్సేటరీ పాజ్ అనే సర్దుబాటు విరామంతో 1100. సగటు కదలదు. కానీ 12 విలువలు ఒక్కొక్కటీ 300 దూరంలో ఉన్నాయి. వేరియన్స్ 1600 నుంచి సుమారు 5136కు, డీవియేషన్ 40 నుంచి దాదాపు 72కు ఎగబాకుతుంది. సహన పరిమితి 8 నుంచి 14.3కు. జల్లెడ కన్ను పెద్దదైంది, అంతకుముందు వేరువేరు అనిపించిన కట్టలన్నీ ఒకటే అనిపిస్తాయి. మూల సీరీస్ పూర్తి యాదృచ్ఛికమైతే ఎంట్రోపీ 2.19 నుంచి 1.6 దరిదాపులకు పడిపోతుంది. అంటే కేవలం 2 శాతం ఎక్టోపిక్ (మామూలు చోట కాక వేరేచోట పుట్టిన) బీట్లు "ఈ గుండె మరింత క్రమబద్ధంగా ఉంది" అని చెప్పిస్తాయి. వినడానికి విచిత్రంగా ఉన్నా, "జబ్బు గుండెలో సంక్లిష్టత తగ్గింది" అని రాసిన ప్రాజెక్టు రిపోర్టుల్లో కొన్నిటి వెనక ఉన్నది ఈ అంకగణితమేనని నా అనుమానం.

దీనికి విరుగుడు ఉంది. శాంపిల్ ఎంట్రోపీకి సహన పరిమితి రెట్టింపు విలువ సహజ లాగరిథమ్ కలపండి. పై ఉదాహరణలో మొదటిది 2.19కి 16 లాగరిథమ్ 2.77 కలిపి 4.96. రెండోది 1.61కి 28.6 లాగరిథమ్ 3.35 కలిపి అదే 4.96. తేడా మాయమైంది. దీంట్లోంచి సగటు ఆర్‌ఆర్ లాగరిథమ్ కూడా తీసేస్తే 2011లో లేక్, మూర్‌మన్ ఏఫిబ్ గుర్తించడానికి ప్రతిపాదించిన కోఎఫిషియంట్ ఆఫ్ శాంపిల్ ఎంట్రోపీ వస్తుంది. దాన్ని కట్ట పొడవు 1తో, 12 బీట్ల చిన్న ముక్కల మీద కూడా పనిచేసేలా తయారు చేశారు. ఏఫిబ్‌ను వేరు చేయడమే మీ పనైతే లయపునోవ్‌ను పక్కనపెట్టి దీన్ని పట్టుకోండి.

వీపీసీలను తీసేటప్పుడు ఖాళీని వదిలేసి ముందూ వెనకా అతికించొద్దు. అతికించిన చోట ఎప్పుడూ జరగని పొరుగు బంధం పుడుతుంది. సైనస్ లయ (మామూలు లయ) ఉన్నవాళ్లలో 5 నిమిషాల ముక్కలో ఎక్టోపిక్ బీట్లు 5 శాతం దాటితే ఆ ముక్కనే వదిలేసి వేరే ముక్క తీసుకోవడం మంచిది. తక్కువుంటే ఇంటర్‌పొలేషన్ (పక్క విలువల ఆధారంగా నింపడం) చేయొచ్చు, ఎంత శాతం నింపారో ప్రతి రోగికీ టేబుల్లో రాయాలి.

ఏఫిబ్ ఉన్నవాళ్ల విషయంలో ఈ పద్ధతి తిరగబడుతుంది. ఏఫిబ్‌లో పొడవైన ఆర్‌ఆర్ వెంటనే పొట్టి ఆర్‌ఆర్ వస్తే ఆ బీటు వెడల్పుగా, రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (కుడి వైపు విద్యుత్ దారి ఆగినప్పటి) ఆకారంలో పడొచ్చు. దీన్ని ఆష్‌మన్ ఫినామినన్ అంటారు. హోల్టర్ సాఫ్ట్‌వేర్ ఆ వెడల్పు చూసి దాన్ని వీపీసీ అని ముద్ర వేస్తుంది. మీరు వీపీసీలన్నీ తీసేస్తే ఏఫిబ్ సొంత బీట్లే, అందులోనూ అత్యంత పొట్టివి, పోతాయి. కాబట్టి ఏఫిబ్ ముక్కల్లో సాఫ్ట్‌వేర్ ముద్రలు నమ్మి కోయకండి. కార్డియాలజీ వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో వెడల్పు బీటు చూపించి అడగండి. విసుగు పని, కానీ ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ విలువున్నదీ అదే.

శాంప్లింగ్ రేటు కూడా చూసుకోవాలి. 128 హెర్ట్జ్ దగ్గర రికార్డు చేస్తే ఆర్ శిఖరం (ఈసీజీలో ప్రతి బీటుకూ లేచే ఎత్తైన కొన) 7.8 మిల్లీసెకన్ల మెట్ల మీదే కూర్చోగలదు. డీవియేషన్ 20 ఉన్న పెద్దవయసు మనిషికి సహన పరిమితి 4 మిల్లీసెకన్లు, అంటే మెట్టులో దాదాపు సగం. అచ్చంగా సమానమైన విలువలు తప్ప ఏవీ కలవవు. అప్పుడొచ్చే ఎంట్రోపీ ఆ మనిషిది కాదు, మెషీన్‌ది. ఆర్ శిఖరం చుట్టూ మూడు శాంపిళ్లు తీసుకుని పారాబోలా అమర్చి అసలు శిఖరం ఎక్కడుందో లెక్కిస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఫిజియోనెట్ డేటా వాడేవాళ్లు ముఖ్యంగా ఇది గమనించాలి. అందులో ఎంఐటీ-బీఐహెచ్ ఏఫిబ్ రికార్డులు 250 హెర్ట్జ్, అదే సంస్థ నార్మల్ సైనస్ రికార్డులు 128 హెర్ట్జ్. రెండింటినీ ఉన్నదున్నట్టు పోల్చి తేడా కనిపెట్టామంటే, ఆ తేడాలో కొంత శాంప్లింగ్‌ది. ముందు రెండింటినీ ఒకే రేటుకు తెచ్చుకోండి.

మన వాతావరణం సంగతి కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ ఎండకు చెమటతో ఎలక్ట్రోడ్ అంచులు లేస్తాయి. హోల్టర్ కట్టుకునే ఏనుమాముల యార్డుకు పోయి మిర్చి బస్తాలు మోసే మనిషి రికార్డులో ఛాతీ కండరాల కదలిక క్యూఆర్‌ఎస్‌ను (ఆర్ శిఖరమున్న భాగాన్ని) మింగేస్తుంది. బీట్ డిటెక్టర్ ఒక బీటును వదిలేస్తే ఆర్‌ఆర్ సరిగ్గా రెట్టింపు అవుతుంది. లేని బీటును పట్టుకుంటే ఒక ఆర్‌ఆర్ రెండు ముక్కలవుతుంది. కాబట్టి పక్క విలువలకు రెట్టింపుగా, లేదా రెండు కలిపితే పక్క విలువకు సమానంగా ఉన్నవాటిని విడిగా జాబితా తీసి, అసలు ఈసీజీ తెరిచి కంటితో చూడండి. ఎలక్ట్రోడ్ పెట్టే చోట వెంట్రుకలు తీసి, స్పిరిట్‌తో తుడిచి, చర్మం పూర్తిగా ఆరాకే అతికించాలి. విశ్లేషణకు రాత్రి 2 నుంచి 4 మధ్య నిద్రలో ఉన్న ముక్కలు తీసుకుంటే కదలిక తక్కువ, ఒకరితో ఒకరిని పోల్చడం కూడా తేలిక.

ఏఫిబ్‌లో ఆర్‌ఆర్ అంత చెదిరి ఎందుకుంటుంది? పై గదుల నుంచి నిమిషానికి 350 నుంచి 600 దాకా ప్రేరణలు ఏవీ నోడ్ (పై గదులకూ కింది గదులకూ మధ్య గేటు లాంటిది) మీద పడుతుంటాయి. నోడ్ వాటిలో కొన్నిటినే కిందికి వదులుతుంది. సగంలో ఆగిపోయిన ప్రేరణ కూడా నోడ్‌ను అలసిపోయేలా చేసి తర్వాతి దాన్ని ఆలస్యం చేస్తుంది. ఇలా వడపోత మీద వడపోత జరిగాక వెంట్రికిల్‌కు (కింది గదికి) చేరే వరుస, కొద్ది బీట్ల పరిధిలో, దాదాపు యాదృచ్ఛిక సంఖ్యల్లాగే ఉంటుంది. డీట్రెండెడ్ ఫ్లక్చుయేషన్ అనాలిసిస్ అనే పద్ధతిలో, 4 నుంచి 16 బీట్ల పరిధిలో పొంతన ఎంతో చెప్పే ఆల్ఫా1 ఆరోగ్యవంతులకు 1 చుట్టూ ఉంటే, ఏఫిబ్‌లో యాదృచ్ఛిక వరుసకు రావాల్సిన 0.5 వైపు దిగుతుంది. ఎంట్రోపీ మాత్రం పెరుగుతుంది. కాబట్టి "ఎంట్రోపీ ఎక్కువైతే ఆరోగ్యం" అన్న సూత్రం ఏఫిబ్ దగ్గర పనికిరాదు. మీకు ఏఫిబ్ వాళ్లలో లయపునోవ్ ఎక్కువ రావడానికి కారణం కూడా ఇదే: వరుస యాదృచ్ఛికతకు దగ్గరైంది.

ఇందులో ఒక ప్రమాదం దాగి ఉంది. మన దగ్గర ఏఫిబ్ రోగుల్లో రుమాటిక్ జ్వరం తర్వాత మిట్రల్ కవాటం ఇరుకైపోయినవాళ్లు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటారు. వాళ్లలో చాలామంది డైగాక్సిన్ (ఏవీ నోడ్‌ను నెమ్మదింపజేసే మందు) మీద ఉంటారు. ఏఫిబ్ ఉన్న మనిషి నాడి ఒక రోజు ఉన్నట్టుండి గడియారంలా క్రమంగా, నెమ్మదిగా కొట్టుకుంటే అనుభవమున్న డాక్టరు సంతోషించరు. డైగాక్సిన్ ఎక్కువై పూర్తి ఏవీ బ్లాక్ వచ్చి (పై గదుల ప్రేరణలు కిందికి చేరడం ఆగిపోయి), కింద జంక్షన్ సొంతంగా కొడుతోందేమోనని చూస్తారు. మీ ప్రోగ్రాం మాత్రం ఎంట్రోపీ పడిపోయింది, లయ చక్కబడింది అంటుంది. 2:1 బ్లాక్‌తో (రెండు ప్రేరణల్లో ఒకటే కిందికి దిగి) నిమిషానికి 150 కొట్టే ఏట్రియల్ ఫ్లట్టర్‌కూ, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకూ ఇదే కథ. రిస్క్ స్కోర్ ఇవ్వొద్దన్నది ఇందుకే. ఆర్‌ఆర్ సీరీస్‌లో పీ తరంగం (ఈసీజీలో పై గదుల గుర్తు) ఉండదు, మందుల చీటీ ఉండదు.

గుండెపోటు తర్వాత ఆల్ఫా1 తగ్గినవాళ్లలో మరణాలు ఎక్కువని చూపిన పరిశోధనలు ఉన్న మాట నిజమే. 2000లో హుయికురి బృందం పంపింగ్ తగ్గిన రోగుల్లో 0.75 కంటే తక్కువ ఆల్ఫా1ను అలా గుర్తించింది. అది గుంపు మీద తేలిన లెక్క. పైగా వీపీసీలు కూడా ఆల్ఫా1ను కిందికి లాగుతాయి కాబట్టి శుభ్రపరిచే పద్ధతి మారితే సంఖ్య మారుతుంది. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి దాన్ని చీటీ మీద రాసివ్వలేం.

మరి కేయాస్ సిద్ధాంతం గుండె దగ్గర ఏమీ చేయలేదా అంటే చాలా చేసింది, కానీ ఆర్‌ఆర్ సీరీస్‌ను దూరం నుంచి కొలవడంలో కాదు, కణజాలం ఎలా నడుస్తుందో చెప్పడంలో. 1981లో గువేరా, గ్లాస్, ష్రయర్ కోడిపిల్ల పిండం గుండె కణాల ముద్దకు క్రమమైన వ్యవధిలో కరెంటు పల్స్‌లు ఇచ్చి చూశారు. పల్స్‌ల వ్యవధి మార్చుకుంటూ పోతే ముందు ఫేజ్ లాకింగ్ (పల్స్‌లతో పొంతన కుదిరి కొట్టుకోవడం), తర్వాత పీరియడ్ డబ్లింగ్ (అదే క్రమం తిరిగి రావడానికి రెట్టింపు సమయం పట్టడం), ఆపైన క్రమం లేని కొట్టుకోవడం కనిపించాయి. అంతకంటే ముఖ్యం, ఒక్క పల్స్‌కు ఆ ముద్ద ఎలా స్పందిస్తుందో కొలిచి గీసిన వక్రరేఖ నుంచే ఇవన్నీ లెక్కగట్టగలిగారు. సూత్రం చేతిలో ఉంది కాబట్టి అక్కడ కేయాస్ అనే మాటకు విలువుంది.

అలాంటిదే మీరు ఒక సాయంత్రం కూర్చుని కాగితం మీద చేయగలిగే లెక్క ఆల్టర్నన్స్, అంటే బీటు మార్చి బీటు పొడుగు, పొట్టి కావడం. 1968లో నొలాస్కో, డాలెన్ వేసిన పునాది ఇది. ఒక బీటులో యాక్షన్ పొటెన్షియల్ (కణంలో పుట్టే విద్యుత్ పొంగు) ఎంతసేపు ఉంటుందన్నది దాని ముందు కణం ఎంతసేపు విశ్రాంతి తీసుకుందన్న దాని మీద ఆధారపడుతుంది. ఈ బంధాన్ని రెస్టిట్యూషన్ వక్రరేఖ అంటారు. ఉదాహరణకు నేను పెట్టుకున్న సంఖ్యలు: పొటెన్షియల్ వ్యవధి = 300 − 200 × ఎక్స్‌పోనెన్షియల్ ఆఫ్ (మైనస్ విశ్రాంతి ÷ 60), అన్నీ మిల్లీసెకన్లలో. విశ్రాంతి అంటే బీట్ల మధ్య వ్యవధిలోంచి పొటెన్షియల్ వ్యవధి తీసేయగా మిగిలింది. ఈ వక్రరేఖ వాలు సరిగ్గా 1 అయ్యేది విశ్రాంతి 72 దగ్గర. అప్పుడు పొటెన్షియల్ 240, బీట్ల వ్యవధి 312, నిమిషానికి 192 బీట్లు.

వ్యవధిని 340 పెడితే విశ్రాంతి 87 దగ్గర వాలు 0.78. చిన్న కుదుపు వచ్చినా బీటు బీటుకూ అణిగిపోతుంది. 300కు తగ్గించండి. నిలకడ బిందువు 66.3 దగ్గర వాలు 1.1. విశ్రాంతి 60తో మొదలుపెట్టండి: పొటెన్షియల్ 226.4, తర్వాతి విశ్రాంతి 73.6. దానికి పొటెన్షియల్ 241.3, విశ్రాంతి 58.7. దానికి 224.8, విశ్రాంతి 75.2. పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి, అంతరం పెరుగుతూ పోతోంది. గుండె వేగం మారలేదు, ఆర్‌ఆర్ అచ్చంగా 300 దగ్గరే ఉంది. మీ ఆర్‌ఆర్ సీరీస్ దీన్ని ఎన్నటికీ చూడలేదు. ఈసీజీలో ఇది బీటు మార్చి బీటు టీ తరంగం (ప్రతి బీటు చివర వచ్చే అల) ఎత్తు మారడంగా మాత్రమే కనిపిస్తుంది, అదీ మైక్రోవోల్టుల్లో. దీన్ని కొలిచే స్పెక్ట్రల్ పద్ధతిలో 128 వరుస బీట్లు తీసుకుని, రెండు బీట్లకు ఒక చక్రం అనే ఫ్రీక్వెన్సీ దగ్గర శక్తి చూస్తారు. గుండె వేగాన్ని వ్యాయామంతోనో పేసింగ్‌తోనో 110 దాకా తెచ్చి, 1.9 మైక్రోవోల్టులను హద్దుగా పెట్టుకుంటారు.

కణజాలంలో ఒక పక్క పొడుగు పొట్టి, ఇంకో పక్క పొట్టి పొడుగుగా నడవడం మొదలైతే అల ఒకచోట ఆగి, చుట్టు తిరిగి, స్పైరల్ అవుతుంది. ఆ స్పైరల్ ముక్కలైతే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్, అంటే కింది గదులు కొట్టుకోక ఊరికే అదరడం. వాలు 1 దాటడం ఒక్కటే సరిపోదని కూడా తెలుసుకోండి. కణానికి వెనకటి బీట్ల జ్ఞాపకం ఉంటుంది, పక్క కణాల విద్యుత్ ఒత్తిడి ఉంటుంది, రెండూ ఈ ఒక వక్రరేఖ లెక్కను సవరిస్తాయి.

కేయాస్‌ను అదుపు చేయొచ్చా అన్నది మీ ప్రశ్నలో లేదు కానీ గైడ్ అడుగుతారు. 1992లో గార్ఫింకెల్, స్పానో, డిట్టో, వైస్ కుందేలు గుండె ముక్కలో ఊబైన్ అనే మందుతో అరిథ్మియా (లయ తప్పడం) పుట్టించి, సరైన క్షణంలో చిన్న పల్స్‌లు ఇచ్చి దాన్ని క్రమంలోకి తెచ్చారు. అది చిన్న ముక్క, ఎలక్ట్రోడ్ ప్రభావం దాని మొత్తానికీ అందింది. మనిషి వెంట్రికిల్ నిండా తిరిగే ఫిబ్రిలేషన్‌ను ఒక్కచోటి నుంచి అలా పట్టుకోవడం కుదరదు. నేటికీ దానికి షాకే మందు. అలాగే క్రమం తప్పిన బీట్లను నోరు మూయిస్తే మనిషి బతుకుతాడనుకోవడానికీ లేదు. 1989లో కాస్ట్ అనే ట్రయల్‌లో గుండెపోటు వచ్చినవాళ్లకు వీపీసీలు అణిచే ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ ఇస్తే, మందు లేనివాళ్లకన్నా మందు తీసుకున్నవాళ్లే ఎక్కువమంది చనిపోయారు.

డేటా తీసుకునే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం చేతిలో ఉండాలి, "డిపార్ట్‌మెంట్‌లో తెలిసినవాళ్లు ఇచ్చారు" అంటే ఏ జర్నల్ ఒప్పుకోదు. హోల్టర్ ఫైల్ హెడర్‌లో రోగి పేరు, ఆసుపత్రి ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు దాగి ఉంటాయి. ఫైల్ పేరు మార్చితే సరిపోదు, హెడర్ తుడవాలి. ఎక్స్‌పోర్ట్ చేసుకునేటప్పుడు ఉత్త ఆర్‌ఆర్ కాకుండా ప్రతి బీటు ముద్ర, అసలు ఈసీజీ తరంగం, వయసు, మందుల జాబితా కూడా అడగండి. బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) మీద ఉన్న మనిషినీ లేని మనిషినీ పక్కపక్కన పెట్టి జబ్బు తేడా అనడం తప్పు.

కాగితం ఈసీజీల సంగతి. సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో నడిచే కాగితం మీద 1 మిల్లీమీటరు అంటే 40 మిల్లీసెకన్లు. స్కాన్ చేసి అర మిల్లీమీటరు తేడాతో శిఖరం గుర్తిస్తే పొరపాటు 20 మిల్లీసెకన్లు. ఆరోగ్యవంతుడి బీటు బీటు తేడా ఆ స్థాయిలోనే ఉంటుంది కాబట్టి సైనస్ లయ ఎంట్రోపీకి కాగితం పనికిరాదు, ఆల్టర్నన్స్‌కు అసలే పనికిరాదు. ఏఫిబ్‌లో మాత్రం పక్కపక్క ఆర్‌ఆర్‌ల తేడా వందల మిల్లీసెకన్లలో ఉంటుంది. 10 సెకన్ల లీడ్ 2 రిథమ్ స్ట్రిప్‌లో 12 బీట్లు దొరికితే కోఎఫిషియంట్ ఆఫ్ శాంపిల్ ఎంట్రోపీ లెక్కించి చూడొచ్చు. 600 డీపీఐలో స్కాన్ చేయండి, కాగితం వంకరను గళ్ల గీతల ఆధారంగా సరిచేయండి, 12 బీట్ల కంటే తక్కువున్న స్ట్రిప్‌లు పక్కన పెట్టండి. థర్మల్ కాగితం ఏళ్లు గడిస్తే వెలిసిపోతుంది. గళ్లే కనిపించని వాటి మీద సమయం పెట్టకండి.